కాంక్షలేని చూపే గౌరవమా?

సికింద్రాబాదు కార్ఖానాపేటలో రాజీవ్ రహదారికి కొంత లోపలగా కొత్తగా కట్టిన ఒక అపార్టుమెంటులో నా చిరకాలమిత్రుడు ఇల్లు కొని గృహప్రవేశము చేసికొనినాడు. ద్వారబంధమునకు వ్రేలాడదీసిన బూడిదగుమ్మడికాయ క్రిందుగా లోనికి పోయి, పాలు పొంగించిన వంటయింటిని చూచి, హాలులోనికి వచ్చి కూర్చుండగా, ఎదుటి గోడపై పెద్ద చట్రములో ఒక తెలంగాణ స్త్రీ కనబడినది. నుదుట అర్ధరూపాయంత కుంకుమబొట్టు, నల్లని మేనిచాయ, ముక్కుపుడక, మెడనిండ పూసలు, ఎఱ్ఱని చీర, భుజముపై చిలుక. తోట వైకుంఠము చిత్రమునకు అది అచ్చులో తీసిన నకలు. వచ్చినవారందఱును దానిని మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని. మాట అంతటితో ఆగియున్నచో ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోయెడిది.

మిత్రుడు గోడవైపు చేయి చూపుచు, “ఎంత లక్షణంగ ఉన్నదో చూడు. మా బావమరిది లక్ష్మాగౌడ్ బొమ్మ ఒకటి కానుకిచ్చిండు. పిల్లలు తిరిగే ఇంట్ల అదెట్ల పెడ్తం? చుట్టి బీరువా మీద పెట్టిన” అనెను. విశ్వవిద్యాలయమున చదువుకొని ఉద్యోగము చేయుచున్న ఆయన కోడలు, కాఫీపళ్లెము బల్లపై నుంచి, “పిల్లల కోసం కాదు మామయ్యా. ఆడమనిషిని మగవాడు కోరికతో చూసి గీసిన బొమ్మ మనకెందుకు? ఇదైతే గౌరవంగా చూసి గీసింది” అని సవరించెను. తక్కిన విషయములందు ఎన్నడును ఒకమాటపై నిలువని ఆ మామాకోడండ్రు ఈ తీర్పునందు ఏకమైనందుకు కూర్చున్నవారు సంతసించి తలలూపిరి. శుభకార్యమునాడు ఒకరియింట వాదము పెట్టుకొనుట మర్యాద కాదు కావున నేను ఊరకుంటిని. ఊరకుండుట ఒప్పుకొనుట కాదని చెప్పుటకే ఇప్పుడు కలము పట్టినాను.

ఆ తీర్పు ఆ యొక్క యింటిది కాదు. నేడు చదువుకొన్న తెలుగువారిలో పెక్కుమంది తీర్పు అదియే. పెద్దతరమువారు తమ అయిష్టమునకు అశ్లీలమని పేరు పెట్టుదురు. కొత్తతరమువారు స్త్రీని వస్తువుగా మార్చుట అని పేరు పెట్టుదురు. మొదటివారి ఆధారము కులమర్యాద. రెండవవారి ఆధారము స్త్రీల సమానత్వము. ఆధారములు ఇంత దూరమైనను, ఇరువురును చేరిన సిద్ధాంతమొకటే: శరీరమును చిత్రించుట దోషము కాదట, కోరికతో చూచి చిత్రించుట దోషమట, గౌరవమనగా కాంక్షను కడిగివేసిన చూపట. ఈ సిద్ధాంతము పైకి ఎంత పవిత్రముగా కనబడినను, చిత్రకళ విషయమునను మనుష్యుల విషయమునను అసత్యమని నా దృఢవిశ్వాసము. పటములోని మనిషికి అవమానము చిత్రకారుని కోరికవలన కలుగదు. ఆ మనిషికి తనదైన చూపును, తనదైన కోరికను లేకుండ చేసినప్పుడు కలుగును. కాంక్షను తుడిచివేయుదుమని బయలుదేరినవారు తెలిసియో తెలియకయో చేయుచున్నది సరిగా ఆ పనియే.

మొదట ఆ గోడమీది చిత్రమునే తీసికొందము. కోరిక లేనిదని పేరు మోసినది గదా. వైకుంఠము 1942లో కరీంనగరము జిల్లా బూరుగుపల్లిలో పుట్టినవాడు. హైదరాబాదులో చిత్రలేఖనము నేర్చి, బరోడాలో కె.జి.సుబ్రహ్మణ్యన్ సన్నిధిని చదివినవాడు. తన చిత్రములలోని స్త్రీకి మూలమెక్కడ అని అడిగినవారికి ఆయన తన తల్లిని, తన ఊరి స్త్రీలను పేర్కొనుటయే గాక, బాల్యమున ఊరికి వచ్చు నాటకసమాజములలో ఆడువేషము కట్టిన మగవారిని కన్నార్పక చూచితినని కూడ చెప్పియున్నాడు. ఆ నుదుటిబొట్టు, ఆ నగలు, ఆ అర్ధనిమీలితములైన పెద్ద కన్నులు, చీరకట్టునకు లోబడని ఆ నిండుదేహము, ఇవన్నియు ఒక పల్లెటూరి పిల్లవాడు రంగస్థలపు దీపపు వెలుగున తన్మయుడై చూచిన చూపునుండి పుట్టినవి. తల్లిని చూచిన మమతయు, వేషమును చూచిన మోహమును అక్కడ విడదీయరాకుండ కలిసిపోయినవి. అటువంటి చిత్రమును కోరిక లేనిదని మెచ్చుకొనుట, పాయసమును తీపిలేదని మెచ్చుకొనుటవంటిది.

ఇక ఆ చిలుక. చిలుకను వాహనముగా చేసికొనినవాడెవడో తెలుగువారికి వేఱుగ చెప్పవలెనా? మన ప్రబంధములలో చిలుక వచ్చి వ్రాలినదన్న మన్మథుని గుఱ్ఱము వచ్చి నిలిచినదనియే అర్థము. ఆమె భుజముపై చిత్రకారుడు దానిని కూర్చుండబెట్టినప్పుడు, ఆమె మనస్సులో ఏమున్నదో మనకు తెలిసిన భాషలోనే చెప్పినాడు. ఆ మాట నా మిత్రునికి వినబడకపోవుటకు కారణము చిత్రములో లేదు. ఆ చిత్రము నకళ్లుగా, నకళ్లకు నకళ్లుగా హోటళ్ల గోడలకును ఆసుపత్రుల వరండాలకును పాకి, మన కన్నునకు అలవాటైపోవుటలో నున్నది. మూలచిత్రములో ఊపిరితోడ కదలిన గీత నకలులో ముద్రికగా గట్టిపడినది. ఆ గట్టిపడుటకు మనము గౌరవమని పేరు పెట్టుకొంటిమి.

ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మన నగరములోనే కలదు. సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని మేలిముసుగు రెబెకాను చూడని హైదరాబాదీ, సికింద్రాబాదీ అరుదు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలఱాతి ప్రతిమను మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొని తెచ్చెను. బడిపిల్లలను వరుసకట్టించి తీసికొనివచ్చి చూపింతురు. తాతలు మనుమలను ఎత్తుకొని చూపింతురు. వారు మెచ్చుకొనునది దేనిని? ఱాతిలో ముసుగు పలుచనగుటను. ఆ పలుచని ముసుగు వెనుక ముఖము, మెడ, దేహపు వంపులు తడిసిన బట్టలోనుంచి కనబడినట్లు కనబడుటను. చూపును రేపి, ఆపి, మరల రేపుటకే శిల్పి ఆ ముసుగును చెక్కినాడు. కాంక్ష అనుదానికి ఇంతకంటె నైపుణ్యముతో కట్టిన యంత్రము మన నగరములో మరియొకటి లేదనవచ్చును. అయినను ఎవరికిని అభ్యంతరము లేదు, బట్ట ఉన్నది గనుక. ఎవ్వరును అభ్యంతరము చెప్పవలెనని నేను కోరను. అది అద్భుతమైన శిల్పము. కాని బట్ట ఎంత యున్నదను కొలతతో చూపుయొక్క స్వభావమును నిర్ణయింపరాదని తెలియుటకు ఆ గదిలో పది నిమిషములు నిలిచిన చాలును.

“అది పాతది, అది పెద్దలు చేసినది” అను సమాధానము వెంటనే వచ్చును. పాతదనము శుద్ధి చేయునను ఈ నమ్మకము మన చట్టములోనికి కూడ ఎక్కినది. భారతశిక్షాస్మృతి 292వ సెక్షను అశ్లీలమును నిషేధించుచునే, ప్రాచీన కట్టడములలోను దేవాలయములలోను ఉన్న శిల్పచిత్రములను మినహాయించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన న్యాయసంహిత 294వ సెక్షనునందును ఆ మినహాయింపు నిలిచియున్నది. సజీవులైన చిత్రకారులకు అంత సులభమైన అభయము లేదు. 1954లో బొంబాయిలో అక్బర్ పదమ్‌సీ ప్రేమికుల చిత్రమును ప్రదర్శించి నిర్బంధింపబడి, న్యాయస్థానమున నిలువబడి నిర్దోషిగా బయటపడెను. డెబ్బదియేండ్లు గడచినను అదియే కథ: విదేశమునుండి వచ్చిన ఆయన చిత్రములను, సౌజా అను మరియొక చిత్రకారుని చిత్రములను కలిపి ఏడింటిని కస్టమ్స్ అధికారులు అశ్లీలమని పట్టుకొనగా, నగ్నత్వమంతయు అశ్లీలము కాదని చెప్పి, విడిచిపెట్టుడని 2024 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆజ్ఞాపింపవలసివచ్చెను. ఆ చిత్రములను గీచిన చేతులు రెండును అప్పటికే లేవు.

పాలంపేటకు పోయి రామప్పగుడి మదనికలను చూచినవారెవ్వరును పాతదనపు వాదమును నమ్మలేరు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి చూరు క్రింద, నల్లఱాతి నునుపుపై వెలుగు జాఱుచుండగా నిలిచిన ఆ స్త్రీలు ఆనాటికి పాతవారు కారు. శిల్పికి ఎదురుగా తిరిగిన ఆనాటి స్త్రీలు. ఒకతె అరికాలి ముల్లు తీయించుకొనుచున్నది. ఒకతె కాలికి ఎత్తుమడమల పాదరక్ష యున్నది. ఒకతె చీరను కోతి లాగుచుండగా ఆపుకొనుచున్నది. ముల్లు గ్రుచ్చుకొన్న పాదమునకు కలుగు నొప్పిని, ఒంటికాలిపై నిలిచిన దేహము తూగకుండ నడుము చేయు సర్దుబాటును ఆ శిల్పి అంత నిశితముగా ఎట్లు పట్టినాడు? దూరమునుండి నమస్కరించి పట్టలేదు. ఇష్టముతో, ఆశతో, మరల మరల చూచి పట్టినాడు. గౌరవము కాంక్షకు విరోధియైనచో ఆ గుడిలో మదనిక ఒక్కతెయు నిలువకూడదు. యునెస్కో 2021లో ఆ గుడిని ప్రపంచవారసత్వమని ప్రకటించినప్పుడు గర్వించిన మనము, ఆ శిల్పి చూపునకు వారసుడైన నేటి చిత్రకారుని పటమును బీరువాపై చుట్టిపెట్టుట న్యాయము కాదు.

ఈ చూపు పాశ్చాత్యుల దిగుమతి యనువారికి పెద్ద సమాధానము అక్కరలేదు. నిజాము ప్రభుత్వముననే మొదలుపెట్టి గులాం యజ్దానీ అజంతా చిత్రములను 1930 నుండి 1955 వఱకు నాలుగు భాగములుగా ప్రకటించినాడు, తెఱచి చూచుకొనవచ్చును. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు పేరిట నున్న చిత్రశాలకు పోయి చూడవచ్చును. కూల్డ్రే అను ఆంగ్లదొర ప్రోత్సాహమున బొంబాయి జె.జె.కళాశాలకు పోయి, అక్కడ దేహమును సజీవమైన ఆకృతినుండి గీయుట నేర్చి, ఆ నేర్పును పుష్పాలంకారమునందును సిద్ధార్థ రాగోదయమునందును తెలుగు గీతగా మార్చుకొని, ఇరువదియెనిమిదేండ్లు నిండకమున్నే 1925లో మశూచికముచే పోయిన ఆ మహానుభావుని చిత్రములలో, సిద్ధార్థునికి వైరాగ్యముకంటె ముందు రాగము పుట్టినది. రాగమునే ఎఱుగనివాని విరాగమునకు విలువ యేమి యని ఆ పేరే అడుగుచున్నట్లుండును.

ఇక నా మిత్రుడు చుట్టిపెట్టిన లక్ష్మాగౌడ్ కడకు వత్తును. 1940లో మెదకు జిల్లా నిజాంపురమున పుట్టి, హైదరాబాదు కళాశాలలోను బరోడాలోను చదివి, దూరదర్శనమునందు పనిచేసి, హైదరాబాదు విశ్వవిద్యాలయమున చిత్రకారులను తయారుచేసి, 2016లో పద్మశ్రీ నందుకొనిన ఈయన తొలిదినముల ఎచింగులలో చూపిన లోకమేమి? మేకలు, తాళ్లు, ముడుతలు పడిన బండలు, తలపాగాల పురుషులు, కడియములు కంటెలు తొడిగిన స్త్రీలు. వారి నడుమ దాపఱికము లేని స్త్రీపురుషవాంఛ. చెట్టుబెరడును దేహపుచర్మమును ఒకే గీత పెనవేయును. మనిషి కోరికకును మేక కోరికకును నడుమ పెద్ద గోడ కట్టలేదాయన. పల్లెలో సహజముగా మాటలలోను పాటలలోను మెలగిన ఈ సంగతి పట్టణమునకు రాగానే గొంతు తగ్గి, తలుపు వెనుకకు పోయినదని ఆయన గ్రహించినాడు. ఆ గ్రహింపే ఆ చిత్రములకు ఉపాదానము. వానిలో పగటికలయు పీడకలయు గూడ కలదని ఒప్పుకొందును. మార్దవముగా ఉన్నవి కొన్ని, మొఱటుగా ఉన్నవి కొన్ని. స్త్రీ ఆకలికి ఆహారమైనట్లు తోచు చిత్రములు ఒకటిరెండు నాకును నచ్చలేదు. కాని వానిని చూపి తక్కినవన్నియు కట్టగట్టి తోసివేయుట విమర్శ యనిపించుకొనదు.

ఎచింగు చేయు విధానమును ఒక్కమాఱు ఊహింపుడు. రాగిరేకునో జింకురేకునో నునుపు చేసి, మైనపు పూత పూసి, ఆ పూతను సూదితో గీయవలెను; ఆమ్లములో ముంచగా గీత తెఱచినచోట లోహము కొఱుకబడును; నీడ గావలెనన్న జిగురుపొడి చల్లి కాచి మరల ముంచవలెను; పిదప గీతలలో సిరా క్రుక్కి, పైపైది తుడిచి, తడిపిన కాగితము పఱచి, భారమైన రోలర్ల నడుమ నడపవలెను. గీచినది కాగితముమీద కుడియెడమలు మాఱి వచ్చును గనుక, తాను చూచినదానిని చిత్రకారుడు తిరుగవేసి మరల చూడవలెను. ఒక స్త్రీ మోకాలి మడత కొఱకు ఇంత పని! నిముసములో తృప్తిపొంది వెడలిపోవు కామమునకు ఇంత ఓర్పు ఉండదు. కోరిక ఓర్పుగా మాఱి, ఓర్పు పరిశీలనగా మాఱి, పరిశీలన అంగీకారముగా మాఱి, చివరకు ఆ మోకాలు ఆమెదియే గాని గీచినవానిది కాదని గుర్తించుట వఱకు సాగు ఈ ప్రయాణమును నేను గౌరవమందును. ఈ ప్రయాణమునకు మొదటి అడుగు కోరికయే. ఆ అడుగు వేయనివాడు ఎక్కడికిని పోలేడు.

నా మిత్రుని కోడలి వాదమునకు ఇంతకంటె శ్రద్ధగా సమాధానము చెప్పవలెను; ఏలన ఆమె కోపమునకు మూలము న్యాయమైనది. 1972లో జాన్ బర్జర్ అను ఆంగ్లవిమర్శకుడు టెలివిజనులోను పుస్తకములోను చెప్పిన మాట నేడు లోకమంతట వ్యాపించినది: ఐరోపా తైలచిత్రములలోని నగ్నస్త్రీ తనకొఱకు లేదు, పటమును కొని యేలు పురుషుని కన్నుల కొఱకు ఉన్నది, ఆమె తనను తాను గూడ ఆ కన్నులతోనే చూచుకొనును. ఇందలి సత్యమును కాదనుటకు నేను సిద్ధముగా లేను. కాని ఆ వాదమును అంగీకరించువారు దానిని చివరి వఱకు చదువవలెను. బర్జరే కొన్ని చిత్రములను వేఱుగ తీసి యుంచినాడు. రూబెన్సు తన భార్యను బొచ్చుకోటు కప్పుకొనినదానిగా గీచిన చిత్రము అందొకటి. అక్కడ చిత్రకారుని కోరిక తక్కువయై కాదు, ఎక్కువయై ఆమెను ఫలానా స్త్రీగా, ఇంకెవ్వతెయు కానిదానిగా నిలిపినదని ఆయన భావము. అనగా కోరికను మాపుమని ఆయన చెప్పలేదు. కోరబడినది ఎవరో గుర్తుపట్టుమని చెప్పినాడు.

చూపునుగూర్చి తెలుగువారికి ఒక పరదేశి నేర్పవలసిన పనియు లేదు. దృష్టి అను తత్సమమునుండి దిష్టి అను మాట చేసికొనిన జాతి మనది. పెండ్లికూతురు బుగ్గపై కాటుకచుక్క పెట్టుదుము. కొత్త యింటికి గుమ్మడికాయ కట్టుదుము. చూపునకు బలముకలదని, అందు ఆశ కలదని, ఆ ఆశ కీడునకును మేలునకును సమర్థమని ఎఱిగినందుననే ఇవన్నియు చేయుచున్నాము. గుడికి పోవుట దేవుని చూచుటకు మాత్రమే కాదు, దేవుని కంట పడుటకు. అందుననే దానిని దర్శనమని అందుము. విగ్రహము సర్వాంగసుందరముగా సిద్ధమైనను కన్ను తెఱచువఱకు అది ఱాయి. నేత్రోన్మీలనము స్థపతి చేయు చివరి పని. మొగలుల చిత్రశాలలను కార్ఖానాలనిరి. మా పేటకు ఉన్న పేరే అది. అక్బరు నాటి ఆ కార్ఖానాలలో రూపరేఖ గీచువాడొకడు, రంగులు నింపువాడొకడు కాగా, ముఖము వ్రాయుటకు వేఱొక నిపుణుడుండెడివాడు. దేహమును ఎవరైనను నింపవచ్చును. ఎదుటివానిని తిరిగి చూచు కన్ను మాత్రము అందఱికిని రాదని వారు ఎఱుగుదురు. నేను పటమును చూచునప్పుడు వేయు ప్రశ్న అదియే: ఈమె కన్ను తెఱవబడినదా? అజంతా 17వ గుహలో అద్దము పట్టుకొన్న రాకుమారి మన ముందర నగలు తప్ప వేఱు ఆచ్ఛాదన దాదాపు లేకయే నిలిచియున్నది. కాని ఆమె దృష్టి తన ప్రతిబింబమునందున్నది, తన ముఖముతో తనకు పనియున్నది. మనము చూచినను చూడకపోయినను ఆమె పని ఆగదు. ఆమెను వస్తువనగలవారెవరు?

ఆ ప్రశ్నకు మన సాహిత్యచరిత్రలో ఒక కఠినమైన సాక్ష్యము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరిలో ప్రతాపసింహుని ఆస్థానమునందు ముద్దుపళని రాధికాసాంత్వనము రచించెను. అందు కోరికయు రాధది, ఆ కోరికను చెప్పు నోరును స్త్రీది. అంతటి శృంగారమును పురుషకవులు వ్రాసినప్పుడు రసమని తలలూపిన పండితలోకమున, వీరేశలింగముగారి వంటి సంస్కర్తయు ఆమెను తప్పుపట్టెను. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటించి, సిగ్గు స్త్రీలకు మాత్రమేనా, పురుషులకు లేదా యని నిలదీసెను. ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను; ప్రకాశంపంతులుగారు మదరాసు ప్రధానిగా వచ్చు వఱకు ఆ నిషేధము తొలగలేదు. శరీరవర్ణనయే వారిని బాధించియున్నచో సగము ప్రబంధములు నిషేధింపబడవలసియుండెను. వారిని బాధించినది స్త్రీ చూచుట, స్త్రీ కోరుట. కాబట్టి కాంక్షను చిత్రమునుండి తుడిచివేయుటవలన స్త్రీకి మేలు జరుగునని తలచు నేటి విద్యావతులు, తమకు తెలియకయే ఆ నిషేధాజ్ఞపై మరల సంతకము చేయుచున్నారు. కాంక్షను నిషేధించిన ప్రతిమాఱును మొదట నోరు మూయింపబడినది స్త్రీ కాంక్షయే.

చిత్రకళలోను ఇంతే. 1936-37 దక్షిణదేశయాత్రలో హైదరాబాదునకు వచ్చి తన చిత్రములను ప్రదర్శించిన అమృతా షేర్‌గిల్, అంతకు రెండుమూడేండ్ల ముందు, 1934లో, తన దేహమునే తాహితీ స్త్రీ దేహముగా గీచికొనెను. గోగాఁ అను ఫ్రెంచి చిత్రకారుడు తన కోరికకొఱకు నిలువబెట్టిన స్త్రీల స్థానములోనికి ఆమె తానే నడచిపోయి, చేతులు కట్టుకొని, మన వైపు చూడక తన లోనికి తాను చూచుచు నిలిచినది. చూపబడినదియు ఆమెయే, చూచినదియు ఆమెయే. పురుషుని చూపును ఖండించుటకు ఆమె దేహమును దాచలేదు. తూలికను తన చేతికి తీసికొన్నది.

ఇంకొక ఆక్షేపణ కలదు. దానికి నేను సులభముగా బదులు చెప్పలేను. పటములలో రవిక లేక, చీర మోకాళ్లపైకి కట్టి కనబడు స్త్రీ ఎవరు? కూలికి పోవునది, మేకలు కాయునది. కొనువాడెవడు? బంజారాహిల్సు వాడు. గడీలోని దొరసాని దేహమును ఎవరు గీచిరి? ఈ ప్రశ్న వేసినవారికి నేను చేతులెత్తి నమస్కరింతును. అయినను బి.నర్సింగరావు 1988లో తీసిన దాసి చలనచిత్రమును వారు గుర్తు చేసికొనవలెను. దానికి కళాదర్శకుడుగా జాతీయపురస్కారము పొందినవాడు ఈ వైకుంఠమే. దొర గడీలో కమలాక్షి అను దాసి దేహము దొరకు ఎప్పుడు గావలసిన అప్పుడు సిద్ధముగా ఉండవలెను. అయినను ఆమెను దొర ఎన్నడును కన్నులార చూడడు. ఉపయోగించుకొనును, చూడడు. తెలంగాణ నేలపై స్త్రీ దేహమునకు జరిగిన అసలు ద్రోహము ఆ చూడకపోవుటలో నున్నది. ఆ గడీ గోడలకు రంగు వేయించిన చేయియే ఆ వర్గపు స్త్రీలను పటము నిండ, పటము అంచులను త్రోసికొనునంత నిండుగ, రాణులవలె నిలిపినది. ఈ రెండు పనులకు సంబంధము లేదని నేను నమ్మలేను. కొనువాని ధనమునకు చిత్రకారుడు పూర్తిగా అతీతుడని గూడ నేననను. ఆ ధనమే ఆయన గీతను ఇటీవల నెమ్మదింపజేసినదని నా అనుమానము.

పిల్లలున్న యిల్లు అను మాట మిగిలినది. జూబిలీ బస్టాండునకు పోవుదారిలో ఆ పిల్లలు ప్రతిదినము తలయెత్తి చూచు సినిమాఫలకములలో, బనియనుల ప్రకటనలలో, నడుము ఒకచోట, పెదవి ఒకచోట, తొడ ఒకచోట ముక్కలుగా వ్రేలాడుచున్నవి. ఆ ముక్కలకు పేరు లేదు, ముఖము లేదు, కోరిక యసలే లేదు. వానిని నేనును ఖండింతును. నా మిత్రుని కోడలితో చేయి కలిపి ఖండింతును. ఆ పిల్లలు పెద్దవారై మఱియొక మనిషి దేహము నెట్లు చూడవలెనో ఎక్కడ నేర్చుకొందురు? దేహమును ముక్కలు చేసిన వీథినుండియా, లేక దేహమును మనస్సుతో సహా పూర్తిగా చూచిన చిత్రకారుని కాగితమునుండియా? చిత్రకారుడు హుసేన్ తాను హైదరాబాదులో బదరీవిశాల్ పిత్తీ యింట గీచిన రామాయణచిత్రములను ఎడ్లబండ్లపై పల్లెలకు తీసికొనిపోయి చూపితిననియు, అక్కడ ఎవరును వానిని తప్పుపట్టలేదనియు చెప్పుకొనినాడు. ఆ పల్లెలలోను పిల్లలుండిరి. ఆయనపై మోపిన అశ్లీలపు అభియోగములను ఢిల్లీ హైకోర్టు 2008 మే నెలలో కొట్టివేయునాటికి, ఆయన దేశము విడిచి రెండేండ్లయినది.

బీరువాపై నున్న అటువంటి ఎచింగు కాగితము చుట్టిపెట్టుటకు పనికిరాదు. రెండు వానకాలములు గడచినచో చెమ్మకు పసుపుమచ్చలు పుట్టును. చుట్ట బిగిసి, విప్పబోయినప్పుడు సిరా ఉబ్బిన గీతలవద్ద నెఱియలు విచ్చును. నా మిత్రునికి ఇది ఫోను చేసి చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక, “సరే, దించి చూస్త, కోడలికి గూడ చూపిస్త” అనెను. చూచిన పిమ్మట గూడ తమ యింట వలదని తోచినచో నాకు పంపుమని చెప్పితిని. మా ముందఱి గదిలో, వీథి వెలుగు నేరుగా పడని తూర్పుగోడకు మేకు కొట్టి యుంచినాను.